మూడో గాస్కెట్

ఆ ఇంట్లోకి కాఫీ పాత్ర రావడానికి పదిహేను రోజుల చర్చ పట్టింది. ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు కూడా ఇంత చర్చ జరగలేదు. అప్పుడు కుళాయిలు తిప్పి చూసి, కిటికీలు మూసి చూసి, సరేననుకుని సామాను దించేశారు.

కొనాలనుకున్నది పొయ్యి మీద పెట్టే మోకా పాట్. కింద నీళ్ళ గిన్నె, మధ్యలో పొడి వేసే చిల్లుల గరాటు, పైన కాఫీ చేరే గిన్నె. పైదీ కిందదీ మరలతో బిగుసుకుంటాయి. మధ్యలో ఆవిరి బయటికి పోకుండా ఉంగరంలాంటి రబ్బరు గాస్కెట్ ఒకటి ఉంటుంది. కింద నీళ్ళు కాగితే ఆవిరి వాటిని పైకి తోస్తుంది, పొడిలోంచి ఎక్కిన నీళ్ళు కాఫీ అయి పైగిన్నెలో పడతాయి. ఇంతే. ఇందులో చర్చించడానికేముంది అని మామూలు మనుషులు అనుకుంటారు. ఇంటాయన లిఫ్ట్ మెకానిక్ అయితే అలా అనుకునే వీలుండదు.

అల్యూమినియందా స్టీలుదా అన్న దగ్గర అతను వారం రోజులు ఆగాడు. చివరికి, గ్యాసు పొయ్యే కాబట్టి అల్యూమినియం చాలు, వేడి అన్ని వైపులా సమానంగా ఎక్కుతుందని తేల్చాడు. ఎంత సైజు అన్న దగ్గర వాళ్ళమ్మ అడ్డు తగిలింది. ఆవిడ ఆరు కప్పులది కావాలంది, ఎవరైనా వస్తే ఏం పోస్తామని. ఈ పాత్రను ఎప్పుడూ నిండుగానే పెట్టాలి, ఆరు కప్పుల దాంట్లో సగం పొడి వేసి సగం నీళ్ళు పోస్తే వచ్చేది కాఫీ కాదు, చేదు కషాయం అని అతను బల్ల మీద గీసి మరీ చెప్పాడు. ఇంట్లో ఉన్నది తల్లీ, కొడుకూ, కోడలూ ముగ్గురే, కొన్నది మూడు కప్పులది. దాన్ని చూసి ఆవిడ, ఇది కాఫీకా, చెవిలో మందు వేసుకోవడానికా అని అడిగింది. పైనా కిందా వెడల్పుగా, నడుము సన్నగా ఉందని దానికి డమరుకం అని పేరు కూడా పెట్టింది. మర్నాటి నుంచి ఇంట్లో అందరికీ అది డమరుకమే.

వస్తువు వచ్చాక నియమాలు వచ్చాయి. నీళ్ళు కిందిగిన్నె పక్కనున్న ఇత్తడి వాల్వు కిందికే ఉండాలి. పొడి నింపాలే కాని చెంచాతో అదమకూడదు. గరాటు అంచు మీద ఒక్క గింజ పొడి లేకుండా తుడవాలి. బిగించేటప్పుడు పిడి పట్టుకోకూడదు, పిడి విరుగుతుంది. రెండు గిన్నెలనూ పట్టుకునే తిప్పాలి. మంట సన్నగా ఉండాలి. గురగురమనగానే దించాలి. సబ్బు తగలనివ్వకూడదు, పీచుతో తోమకూడదు, ఉత్త నీళ్ళతో కడిగి విడివిడిగా ఆరబెట్టాలి. మొదటి మూడుసార్లు చేసిన కాఫీ పారబొయ్యాలన్నాడు. రెండుసార్లు పారబోశారు. మూడోసారిది వాళ్ళమ్మ లాక్కుని తాగేసింది.

ఇన్ని నియమాలు చెప్పినవాడు ఒక్కరోజు కాఫీ పెట్టలేదు. పొద్దున్నే ముందు లేచేది కోడలు కాబట్టి ఆ పని ఆమెకే పడింది.

ఆమె కట్టుడు పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టరు గారి ఆస్పత్రి వెనకగదిలో ఆమె బల్ల. డాక్టరు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, దాంట్లో ప్లాస్టర్ పోసి చిగుళ్ళు పోతపోసి, వాటి మీద మైనం పరిచి, ఆ మైనంలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెడుతుంది. ఏ పన్ను ఎంత వంగాలో, నవ్వినప్పుడు ఎంత కనిపించాలో ఆమె చేతికి తెలుసు. పక్క వీధుల దాకా ఆమెను పళ్ళావిడ అంటారు. ఆ పేరు విని కొత్తగా దిగినవాళ్ళు సంచీ పట్టుకుని వచ్చి, బత్తాయిలున్నాయా అని అడిగిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి.

పాత్ర కొన్న రెండో నెలలో కారడం మొదలుపెట్టింది. సన్నటి మంట మీద కూర్చోబెట్టిన డమరుకం నడుము దగ్గర బుసబుసమని ఆవిరి కక్కేది, గోధుమరంగు నీళ్ళు పక్కల నుంచి కారి పొయ్యి మీద మాడేవి. పైగిన్నెలోకి సగం కాఫీయే వచ్చేది. అతను విప్పి చూసి గాస్కెట్ అరిగిందన్నాడు. రెండు నెలల గాస్కెట్ అరగదని అతనికీ తెలుసు, అయినా కొత్తది తెచ్చి వేశాడు. నాలుగు రోజులకు మళ్ళీ కారింది.

గాస్కెట్‌కు ఏమీ కాలేదని ఆమెకు తెలుసు. అరిగింది ఆమె చెయ్యి.

కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి. ఏడాదికి పైగా సాయంత్రాలు మాత్రమే వచ్చేది. తరవాత తాళం తిప్పినా, పాల ప్యాకెట్ చింపినా, మైనం కత్తిని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నా ప్రాణం లాగేసేది. ఒకరోజు పని మధ్యలో కత్తి చేతిలోంచి జారి, మూడు రోజులు కూర్చుని పేర్చిన పళ్ళ వరస మీద పడింది. ఆ రోజు ఎవరికీ చెప్పకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కీలు మధ్యలో ఉండే మెత్తటి పొర అరుగుతోందని ఆయన ఎక్స్‌రేలో చూపించాడు. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే కీలు నిలుస్తుంది, మూడు నెలలు పని మానితే పట్టు తిరిగొస్తుంది. ఆలస్యమై ఇంకా అరిగితే అక్కడి ఎముకముక్క తీసెయ్యాల్సిందే. నొప్పి పోతుంది కాని, సన్నపని చేసే పట్టు మాత్రం రాదు. ఆపరేషన్‌కు రెండు నెలల తరవాతి తేదీ రాసిచ్చారు. ఈలోగా రోజూ చేసే పని ఏదో ఒకటి కొలతగా పెట్టుకుని పట్టు ఎలా ఉందో గమనించుకోమన్నాడు. మందులతో దానంతటదే మెరుగైతే మళ్ళీ ఆలోచిద్దాం అని ఒక మాట పక్కన పడేశాడు. పక్కన పడేసిన ఆ మాటనే ఆమె ఏరుకుని ఇంటికి తెచ్చుకుంది.

మొగుడికి ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెబుతుంది. అతను చెడ్డవాడు కాదు, మహా మంచివాడు, అదే వచ్చిన చిక్కు. ఒకసారి ఆమెకు నాలుగు రోజులు జ్వరం వస్తే, ఆమెను అడగకుండా పళ్ళ డాక్టరుకు ఫోను చేసి నెల రోజులు రాదని చెప్పేశాడు. చెయ్యి సంగతి తెలిస్తే ఆ సాయంత్రమే ఆమె బల్ల మీది సామానంతా పెట్టెలో సర్ది ఇంటికి తెచ్చేస్తాడు. పని పోతే తనేం మిగులుతుందో ఆమెకు అంతుపట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా ఊరివాళ్ళ నోళ్ళు నిలబెట్టిన చెయ్యి అది. తేదీ దగ్గరపడ్డాక చెబుదాంలే అనుకుంది. అప్పటిదాకా ఆ సంగతి కడుపులోనే దాచుకుంది.

కొలతగా డమరుకాన్నే పెట్టుకుంది. పొద్దున్నే బిగించడం, పొయ్యి మీద పెట్టడం, కారుతుందా లేదా అని చూడడం. కారితే పట్టు లేనట్టు. రోజూ కారేది.

రెండో గాస్కెట్ కూడా ఓడిపోయాక మొగుడికి పౌరుషం వచ్చింది. పన్నెండు అంతస్తుల లిఫ్టు ఆగిపోతే గంటలో నడిపించేవాణ్ణి, మూడు కప్పుల గిన్నె నన్ను వెక్కిరిస్తోంది అన్నాడు. ఒక ఆదివారం నాడు సిలికాన్‌ది తెచ్చి మూడో గాస్కెట్ వేశాడు. అంతటితో ఊరుకోకుండా, రేపు నువ్వు బిగించేటప్పుడు పక్కనే నిలబడి చూస్తానన్నాడు. అతను వట్టి చూపులు చూసే మనిషి కాదు. బోల్టు బిగించే మనిషి మొహం చూసి అది బిగిసిందో లేదో చెప్పేవాడు.

మర్నాడు పొద్దున అతను వంటింట్లోకి వచ్చే సరికి వాళ్ళమ్మ పాలు విరిగాయని చెప్పి దుకాణానికి తరిమింది. కోడలు గబగబా బిగించి, సన్నమంట మీద పెట్టి, దండెం మీది బట్టలు తియ్యడానికి వెళ్ళింది. తిరిగి వచ్చే సరికి గురగురమంటూ పైగిన్నె నిండుతోంది. నడుము దగ్గర చుక్క తడి లేదు.

ఆ రోజు ఇంట్లో ఇద్దరు గెలిచారు. మొగుడు గాస్కెట్ గెలిచిందనుకున్నాడు. పాలు తెచ్చి, కాఫీ తాగి, పనిలో అందరికీ సిలికాన్ గొప్పతనం చెప్పడానికి వెళ్ళాడు. ఆమె తన చెయ్యి గెలిచిందనుకుంది. మర్నాడూ కారలేదు. ఆ మర్నాడూ లేదు. నొప్పి ఉంది, నిజమే, కాని బిళ్ళ వేసుకుంటే సర్దుకుంటోంది. నొప్పిదేముంది, పట్టు కదా ముఖ్యం, డాక్టరు చెప్పింది పట్టునే కదా చూడమని. మనిషి తనకు కావలసిన సాక్ష్యం దొరికాక రెండో సాక్షిని పిలవడు. ఆమె కూడా పిలవలేదు. పనిలో వేసుకునే చేతిపట్టీ తీసి సొరుగులో పడేసింది. నొప్పి ముదిరాక వేరేచోటికి పంపేస్తున్న పూర్తి పళ్ళ సెట్లను మళ్ళీ తనే చేస్తానని పళ్ళ డాక్టరుకు చెప్పింది. ఆ నెలలో ఆరు సెట్లు చేసింది.

మూడో గాస్కెట్ వేసిన ఆరో వారంలో ఎముకల ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది, వచ్చే సోమవారం ఆపరేషన్ తేదీ ఖాయమేనా అని. ఆమె వెనకగదిలో, చేతిలో మైనం కత్తితో ఉంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మెరుగైంది, అక్కర్లేదు, ఇంకెవరికైనా ఇవ్వండి అంది. ఆ సాయంత్రం నడిచి ఇంటికి వస్తూ ఒంటరిగా నవ్వుకుంది కూడా. చాలా రోజుల తరవాత ఆమె మనసు తేలికపడింది.

ఆ తరవాతి వారమే అత్తగారు కూతురింటికి వెళ్ళింది. వాళ్ళు ఇల్లు మారుతున్నారు, సామాను సర్దడానికి పది రోజులు సాయంగా ఉండిరావాలని. వెళ్ళేటప్పుడు గుమ్మంలో కాసేపు తటపటాయించి, పది రోజులూ టీ తాగితే పోలేదా అని అడిగింది. ఎందుకంటే చెప్పలేదు.

మొదటిరోజు పొద్దున్నే డమరుకం కారింది.

ఆమె గరాటు అంచున పొడి ఉండిపోయిందేమో అనుకుంది. మొగుడు కూడా అదే అన్నాడు, నా గాస్కెట్‌కు ఏమీ కాదని. రెండో రోజు అతనికి సెలవు. సరదాపడి తనే బిగించాడు. చుక్క కారలేదు. చూశావా అని అరగంట పాఠం చెప్పాడు. మూడో రోజు అతను స్నానానికి వెళ్ళాక ఆమె అంచు మూడుసార్లు తుడిచింది. గుడ్డ పట్టుకుని తిప్పింది. పాత్రను పొట్టకు ఆనించుకుని, రెండు చేతులతో, పళ్ళు బిగబట్టి తిప్పింది. బొటనవేలి మొదట్లోంచి మోచేతి దాకా మంట పాకింది. పొయ్యి మీద పెట్టి కదలకుండా అక్కడే నిలబడింది. నాలుగు నిమిషాలకు బుసబుసమంది. గోధుమరంగు నీళ్ళు మంట మీద పడి చిటపటలాడాయి.

పొయ్యి కట్టేసి కుర్చీలో కూలబడింది. ఎదురుగా అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది. పొయ్యికి చెయ్యి చాపినంత దూరంలో ఉండే కుర్చీ అది. రోజూ పొద్దున పేపరు అడ్డం పెట్టుకుని ఆవిడ కూర్చునేది అక్కడే. ఆమె బట్టలు తియ్యడానికి వెళ్ళి వచ్చే ఆ నాలుగు నిమిషాలూ వంటింట్లో ఉండేది ఆవిడ ఒక్కతే. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రి లాండ్రీలో తడి దుప్పట్లు పిండిన చేతులు ఆవిడవి. ఇప్పటికీ సీసా మూతలు తిప్పలేనివాళ్ళు పక్కింటి నుంచి ఆవిడ దగ్గరికే పట్టుకొస్తారు.

మొగుడు పనికి వెళ్ళేదాకా ఆగి ఫోను చేసింది.

"అత్తయ్యా, కాఫీ కారుతోంది."

అవతల అట్టపెట్టెలు లాగుతున్న చప్పుడు ఆగింది.

"వాడు ఇంట్లో ఉన్నాడా?" అని మెల్లగా అడిగింది అత్తగారు.

ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. లేడని చెప్పింది ఆమె. అయితే సరే, ఇంకో వారం ఓపిక పట్టు, టీ పెట్టు, వాడడిగితే పొడి అయిపోయిందని చెప్పు, నేనొచ్చాక మామూలే అని అత్తగారు గబగబా చెప్పుకుపోయింది. నీ చెయ్యి సంగతి నాకెప్పుడో తెలుసు, పాల ప్యాకెట్ పళ్ళతో చింపుతుంటే చూశాను, వాడికి తెలియకూడదని నువ్వు పడే అవస్థ చూశాను, వాడు పక్కన నిలబడి చూస్తానన్న రోజు నీ మొహం చూడలేకపోయాను, అంది. నువ్వు అటు వెళ్ళగానే ఒక్క మెలిక వేసేదాన్ని, అంతేగా, అంది. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

"ఆపరేషన్ ఉండింది అత్తయ్యా. వద్దని చెప్పేశాను," అంది ఆమె. "కారట్లేదు కదా, నయమైందనుకున్నాను."

"ఏ ఆపరేషన్?"

చెప్పింది. తేదీ చెప్పింది. అది ఐదు రోజుల కిందటే దాటిపోయిందని చెప్పింది. ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చెప్పింది. ఆమెకు అత్తగారి మీద ఒళ్ళు మండిపోయింది. మీరు ముట్టుకోకుండా ఉంటే ఈపాటికి చేతికి కట్టు కట్టుకుని కూర్చునేదాన్ని కదా అని నేరుగానే అనేసింది. నిజమేనమ్మా, నాదే తప్పు అంది పెద్దావిడ. అది ఇంకా కష్టమైంది. ఆమె ఫోను పెట్టేసి ఏడ్చింది. ఏడుస్తుండగానే కోపం అత్తగారి మీద నుంచి జారి తన మీద పడింది. నోరు విప్పి ఎవరికైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

కళ్ళు తుడుచుకుని ఆస్పత్రికి ఫోను చేసింది. తేదీలు చూసే గుమాస్తా కాగితాలు తిప్పి, ఆ సోమవారం ఇంకొకరికి చేసేశారండీ, ఇప్పుడు రాయించుకుంటే ఏడు నెలలు పడుతుంది అన్నాడు. ఈలోగా చేతికి పని పెట్టకూడదన్నాడు. అయినా అప్పటికి ఏ ఆపరేషన్ కుదురుతుందో డాక్టరు గారు చూసే చెప్పాలన్నాడు. పేరు రాసుకుంటూ, మెరుగైందని మీరే చెప్పారు కదా, ఎవరు చూసి చెప్పారు అని అడిగాడు. ఎవరూ చూడలేదండీ అంది ఆమె. అతను సరే అని రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె గరాటులో పొడి నింపుతుండగా తలుపు చప్పుడైంది. అత్తగారు. తెల్లవారుజాము బస్సెక్కి వచ్చేసింది. చేతిలో సంచీ, మొహం నిద్రలేక పీక్కుపోయి ఉంది. పది రోజులన్నావు, నాలుగు రోజులకే వచ్చావేం అని అడిగాడు కొడుకు. ఆవిడ నేరుగా వంటింట్లోకి వచ్చి, బల్ల మీద విడివిడిగా ఉన్న డమరుకాన్నీ కోడలి మొహాన్నీ చూసింది.

"ఒరేయ్, పాలు ఉన్నట్టు లేవు, వెళ్ళి పట్రా," అంది.

పాల ప్యాకెట్ బల్ల మీదే ఉంది. ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది.

"వద్దత్తయ్యా," అంది ఆమె. తరవాత మొగుడి వైపు తిరిగింది. "మీరు ఇక్కడే ఉండండి."

నీళ్ళు నింపిన కిందిగిన్నెలో గరాటు పెట్టి, పైగిన్నె వదులుగా తగిలించి అతని చేతికిచ్చింది. ఈసారి కుడిచేతిని చీర మడతలో దాచుకోలేదు.

"మీ గాస్కెట్లన్నీ మంచివే. నాకే బిగించడం చేతకావట్లేదు. నా చెయ్యి పోతోందండీ."

అతను అలవాటు కొద్దీ ఒక్క మెలికతో బిగించేశాడు. బిగిస్తున్నప్పుడు పాత్రను చూడలేదు, ఆమె చేతిని చూశాడు. బొటనవేలి మొదట్లో ఎముక ఎత్తుగా లేచి ఉంది. దాచేవాళ్ళు లేకపోతే గుమ్మంలోంచి కూడా కనిపించేంత ఎత్తు. ఆమె అన్నీ చెప్పింది, కత్తి జారిన రోజు దగ్గర నుంచి ఏడు నెలల దాకా. మధ్యలో అత్తగారు తన వంతు తనే చెప్పుకుంది, నా మూలానే తేదీ పోయిందిరా అంది. అతను కేకలు వెయ్యలేదు. పళ్ళ డాక్టరుకు ఫోను చేస్తానని కూడా అనలేదు. ఆమె ఆ మాట కోసమే బిగుసుకుని నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచి?" అని మాత్రం అడిగాడు.

"రెండేళ్ళు."

అతను పాత్రను పొయ్యి మీద పెట్టలేదు. బల్ల మీద పెట్టి, వాళ్ళమ్మ కుర్చీలో కూర్చుని, ఆమె కుడిచేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఎక్కడ ముట్టుకుంటే నొప్పో తెలియక, పట్టుకోవాలో వదిలెయ్యాలో తేల్చుకోలేకపోయాడు.

"ఎక్కడ పట్టుకోవాలో చెప్పు," అన్నాడు.

ఆమె చూపించింది.